బడ్జెట్ గేమింగ్ ల్యాప్‌టాప్ ఎంపిక – 4వ పాఠం: పేరు ఒకటే, వాట్లు వేరు

ఈసారి స్క్రీన్ల గురించి చెప్పుకోవాల్సింది. దాన్ని చివరికి నెట్టేశాను. మూడో పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక వేరే దారి లేదు.

అభ్యాసంలో మూడు మోడళ్లు తీసుకుని ఒక పట్టిక నింపమన్నాను. అందులో ‘కార్డు వాట్లు’ అనే గడి ఉంది, అంటే ఆటలో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుకు అందే కరెంటు. కొందరు దాన్ని ఖాళీగా వదిలేశారు. కొందరు ఛార్జర్ వెనక చూసి 180 అని రాశారు. ఇంకొందరు ప్రాసెసర్‌కు రాసి ఉన్న 45ను తెచ్చి ఇక్కడ పెట్టారు. ఎక్కువమంది కార్డు పేరు చెప్పి రాసింది మాత్రం ఒకటే మాట: “4050 కదా సార్, ఎక్కడైనా 4050యే.” ఆ ధీమాతో ఇద్దరు ముగ్గురు కొనేశారు కూడా. ఆరో పాఠం అయ్యేదాకా పైసలు తీయొద్దని మొదటి పాఠంలోనే రాసిన సంగతి జర గుర్తు చేసుకోండి.

ఆర్‌టీఎక్స్ 4050 ల్యాప్‌టాప్ చిప్పును (కార్డు అన్నా ఇదే) 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా తమకు నచ్చిన మోతాదులో బిగించుకునే వీలు ఆ చిప్పు తయారుచేసే ఎన్విడియా, ల్యాప్‌టాప్ కంపెనీలకు ఇచ్చింది. 2,560 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 6 జీబీ మెమరీ అన్నిట్లోనూ అవే. మూత తెరిస్తే కనిపించే స్టిక్కర్ కూడా అదే. చిప్పును ఎంత కరెంటు తాగనిస్తారన్నదే మెషీన్‌కో తీరుగా ఉంటుంది.

బోరు బావి ఉన్న ఇంటివాళ్లకు ఇది ఒక్క ముక్కలో అర్థమవుతుంది. దించింది 5 హెచ్‌పీ మోటారే. కానీ లైను చివరి బావి, వోల్టేజీ పడిపోయింది. మోటారు మూలుగుతుంది, పైపులో ధార సన్నబడుతుంది. అప్పుడు మోటారు బిల్లు పట్టుకుని నీళ్లు లెక్కేస్తామా? పైపు దగ్గర నిలబడి చూస్తాం. కార్డు పేరు మోటారు బిల్లు లాంటిది. వాట్లే ధార.

ఒకప్పుడు పల్చటి మెషీన్లలో తక్కువ వాట్లతో నడిచే చిప్పుకు ‘మాక్స్-క్యూ’ అని పేరు చివర తోక ఉండేది, దాన్ని చూసి జాగ్రత్తపడేవాళ్లం. 2021లో 30 సిరీస్ (3050, 3060 లాంటి చిప్పులు) ల్యాప్‌టాప్‌లు వచ్చినప్పుడు చిప్పు పేరులోంచి ఆ తోక పోయింది. కిరికిరి అంతా అప్పటినుంచే.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. ఒక పల్చటి మెషీన్‌లో 4050 కంటే పై మెట్టు కార్డు 4060 ఉంది, దానికి 45 వాట్లే ఇచ్చారు. పక్కన మందపాటి మెషీన్‌లో 4050, దానికి 95 వాట్లు. పేరు చూసి 4060కి ఎక్కువ ధర పెడతారు, ఆటలో మాత్రం 4050 దాన్ని దాటిపోవచ్చు. ఇంకో జత చూడండి. 50 వాట్ల 4050, 80 వాట్ల 3050 (6 జీబీది). తరం మారింది కాబట్టి 4050 బాగా ముందుంటుందని అనుకుంటారు, కానీ ఆ తేడా పేర్లు ఆశ పెట్టినంత ఉండదు. అలాగని వాట్లు పెరిగేకొద్దీ లాభం అదే వరుసలో పెరగదు. 4050కి 50 నుంచి 80కి వెళ్లడం పెద్ద మెట్టు. 100 దాటాక ఇచ్చేదంతా దాదాపు ఉత్త వేడే. కాబట్టి 115 అని ఊరించే మోడల్ కోసం 95ది వదులుకోకండి.

‘డైనమిక్ బూస్ట్’ దగ్గర ఇంకో మతలబు ఉంది. స్పెక్ షీట్‌లో ‘గరిష్ఠ గ్రాఫిక్స్ పవర్ 75 వాట్లు, బూస్ట్‌తో కలిపి’ అని రాసి, బూస్ట్ 15 అని కింద చిన్న అక్షరాల్లో పెడతారు. అంటే అసలు వాటా 60. ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు దాని వాటాలోంచి ఆ 15 కార్డుకు వస్తుంది. ఆట ప్రాసెసర్‌ను కూడా గట్టిగా వాడిందంటే 15 వెనక్కి పోతుంది. మీ పట్టికలో 60 అనే రాసుకోండి.

ఈ అంకె ఎక్కడ దొరుకుతుంది? ఆన్‌లైన్ అమ్మకాల పేజీలో వెతికి టైం వేస్టు చేసుకోకండి, చాలాసార్లు ఉండదు. కంపెనీ సొంత సైటులో అదే మోడల్ నంబరుకు ఉన్న స్పెసిఫికేషన్ల పేజీలో కింది దాకా దిగండి. మోడల్ పేరు కాదు, చివరి అక్షరాలతో సహా పూర్తి నంబరు. గడియారం సెంటర్ దుకాణంలోనైనా, కంప్యూటర్ దుకాణాలుండే సికింద్రాబాద్ సీటీసీలోనైనా మెషీన్ ఆన్ చేసి ఉంటే ఇంకా సులువు: ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ నొక్కి, ‘మాక్సిమమ్ గ్రాఫిక్స్ పవర్’ అన్న వరుస చూడండి. అర నిమిషం పని.

కొనేసినవాళ్లు కంగారు పడకండి. ముందు మెషీన్ ఏ పవర్ మోడ్‌లో ఉందో చూసుకోండి. లెనోవో వాళ్ల ఎల్‌ఓక్యూ, లీజియన్ గేమింగ్ మోడళ్లలో ఎఫ్ఎన్, క్యూ మీటలు కలిపి నొక్కితే పవర్ బటన్ లైటు రంగు మారుతుంది: నీలం అంటే నిశ్శబ్దం, తెలుపు అంటే మధ్యరకం, ఎరుపు అంటే పూర్తి జోరు. నీలంలో ఆడుతూ ‘కార్డు దండగ’ అని రాసినవాళ్లున్నారు. ఛార్జర్ తీసేసి ఆడినా ఇదే గతి. 50 వాట్-అవర్ల బ్యాటరీలోంచి మెషీన్ మొత్తం గంటకు 50 లాగితే గంటలో ఖాళీ, అందుకే కంపెనీయే కార్డును తొక్కిపెడుతుంది.

వాట్ల సూత్రం పనిచేయని చోట్లు రెండున్నాయి. 4 జీబీ మెమరీ ఉన్న పాత 3050కి 80 వాట్లు ఇచ్చినా, కొత్త పెద్ద ఆటలో టెక్స్చర్లు (వస్తువుల మీద కనిపించే బొమ్మల నాణ్యత) ‘హై’లో పెడితే మెమరీ నిండి బొమ్మ జర్కులిస్తుంది. దానికి వాట్లు మందు కాదు. రెండోది వాలొరెంట్ లాంటి తేలికపాటి ఆటలు. అక్కడ భారం ప్రాసెసర్ మీద, ర్యామ్ మీద. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర ‘స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2’ అని ఉంటే, కార్డు గురించి బాధపడే ముందు రెండో ర్యామ్ స్టిక్ వేయండి. డీడీఆర్4 స్లాటులో డీడీఆర్5 పట్టదని వేరే చెప్పను.

ఇక వేడి. 22 డిగ్రీల ఏసీ గదిలో తీసిన రివ్యూ చూసి నల్లగొండ మే నెలకు లెక్క కట్టొద్దు. మన గదిలో 38 ఉందనుకోండి, మొదలే 16 డిగ్రీలు ఎక్కువ. రివ్యూలో 75 డిగ్రీలు చూపించిన కార్డు ఇక్కడ 87 డిగ్రీల దగ్గర ఆగి, అంతకు మించి పోకుండా వాట్లు తగ్గించుకుంటుంది. బడ్జెట్ మెషీన్లలో ప్రాసెసర్, కార్డు తరచూ వేడిని లాగే ఒకే రాగి గొట్టాల మీద ఆధారపడతాయి, ఒకటి వేడెక్కితే రెండోదానికీ తగులుతుంది. అందుకే నా ఓటు ప్లాస్టిక్ ఒళ్లున్న, రెండుంపావు కిలోల మందపాటి మెషీన్‌కే. హైదరాబాద్ హాస్టల్ నుంచి వారం వారం మహబూబ్‌నగర్ బస్సెక్కేవాళ్లు నన్ను తిట్టుకుంటారు, ఛార్జరే అర కిలో పైన ఉంటుంది కదా. మోయలేనివాళ్లు తక్కువ వాట్లకు ఒప్పుకుని, ఆ మేరకు ధర కూడా తక్కువే ఇవ్వండి. పల్చనిదానికి మందపాటిదాని ధర పెట్టడమే తప్పు.

వెనక వైపు రెండు వాటర్ బాటిల్ మూతలు పెట్టి ఎత్తితే చాలు, కూలింగ్ ప్యాడ్ కొనకండి. ఫ్రేములు (సెకనుకు మారే బొమ్మలు) 60కి కట్టేయండి, వేడి, సప్పుడు రెండూ తగ్గుతాయి. గడ్డి కూలర్ ముందు మాత్రం పెట్టొద్దు: తడిగాలికి దుమ్ము ఫిన్ల మీద (వేడిని బయటికి పంపే సన్నటి రేకుల మీద) అట్టకడుతుంది.

ఇన్వర్టర్ మీద ఆడొచ్చా అని అడిగారు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ అంటే 1,800 వాట్-అవర్లు. అందులో చేతికొచ్చేది 70 శాతం అనుకోండి, 1,260. ల్యాప్‌టాప్‌కు 170, రెండు పాత ఫ్యాన్లకు 150, మొత్తం 320. నాలుగు గంటలకు కొంచెం తక్కువ. బ్యాటరీ పాతదైతే సగం. అదీ సైన్ వేవ్ ఇన్వర్టరైతేనే ఆడండి.

స్క్రీన్: ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల కొలత), 250 నిట్స్ (వెలుతురు కొలత)’ అంటే వెలిసిన రంగులు. ఆటకు సరిపోతుంది, ఫొటో ఎడిటింగ్‌కు కాదు. స్క్రీన్ సెకనుకు 144 సార్లు మారితే (144 హెర్ట్జ్) చాలు, 165 కోసం అదనంగా ఇవ్వకండి.

అభ్యాసం: మెషీన్ ఉన్నవాళ్లు మధ్యాహ్నం రెండు గంటలకు, ఏసీ లేకుండా, హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వాట్లు, వేడి చూపించే సాఫ్ట్‌వేర్) తెరిచి ఒకే ఆటను మూడు మోడ్లలో అరగంట చొప్పున నడపండి. ఐదు నిమిషాలకోసారి కార్డు వాట్లు, కార్డు వేడి, ప్రాసెసర్ వేడి రాయండి. మోడ్‌కు ఆరు వరుసలు, మొత్తం 18. మోడ్ మార్చే ముందు పావుగంట చల్లారనివ్వండి. మొదటి వరుసకూ ఆరో వరుసకూ మధ్య వాట్లు ఎంత పడ్డాయో విడిగా రాయండి. మెషీన్ లేనివాళ్లు పాత పట్టికలో ‘కార్డు వాట్లు’ గడి మళ్లీ నింపండి, ఈసారి బూస్ట్ తీసేసి. ఛార్జర్ అంకె రాసిన పట్టికను చూడకుండానే పక్కన పెడతాను.