అవయవదానం: మీ మాట కాగితం మీద నిలవాలంటే

"నా కళ్లు, కిడ్నీలు దానం చేయండి" అని వీలునామాలో రాసి బీరువాలో పెడితే పని జరగదు. వీలునామా బయటికి తీసేది పెద్దకర్మ అయ్యాకే. కళ్లు సేకరించాల్సింది ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు. అందుకే దీనికి వేరే కాగితం కావాలి.

దాని పేరు ఫారం 7. 1994 నాటి మానవ అవయవ మార్పిడి చట్టం కింద 2014లో వచ్చిన నియమాల్లో ఉంది. 18 ఏళ్లు నిండినవాళ్లు రాయొచ్చు. స్టాంపు పేపరు, నోటరీ అక్కర్లేదు. సాక్షులు మాత్రం ఇద్దరుండాలి, వాళ్లలో ఒకరైనా దగ్గరి బంధువు కావాలి. చట్టం లెక్కలో దగ్గరి బంధువంటే భార్య లేదా భర్త, పిల్లలు, అమ్మానాన్నలు, తోబుట్టువులు, తాత, అవ్వ, మనవలు. అల్లుడు, కోడలు, బావమరిది ఎంత దగ్గరైనా ఈ జాబితాలో లేరు, రెండో సాక్షిగానే పనికొస్తారు. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న పెద్దకొడుకు కంటే, రేపు ఆసుపత్రిలో మీ పక్కన నిలబడే మనిషి చేత సంతకం పెట్టించడం మేలు.

ఆన్‌లైన్లో అయితే జాతీయ సంస్థ నోటో వెబ్‌సైటులో ఆధార్‌తో నమోదు చేసుకోవచ్చు. ఆధార్‌కు మీ ఫోన్ నంబరు జతకాకుంటే ఓటీపీ రాదు, ముందు అది సరిచేయించుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పని చూసేది జీవన్‌దాన్. నెల్లూరు వైపు వాళ్లని సీరియస్ అయితే చెన్నైకి తీసుకెళ్లడం మామూలే గనక, దేశమంతటికీ వర్తించే నోటో నమోదు ఉండటం మంచిది. నమోదయ్యాక వచ్చే దాత కార్డు ప్రింటు ఒకటి పర్సులో, ఫోటో ఇంట్లోవాళ్ల ఫోన్లలో ఉంచండి. షుగరు, బీపీ, కంటి ఆపరేషన్ ఉన్నాయని వెనకాడొద్దు. ఏది పనికొస్తుందో అప్పటి డాక్టర్లు చూసుకుంటారు.

ఇంత చేసినా, ఆ రోజు ఆసుపత్రివాళ్లు కుటుంబం చేత ఫారం 8 మీద సంతకం అడుగుతారు. ఇంట్లోవాళ్లు కాదంటే ఆచరణలో దానం ఆగిపోతుంది. కాదనడానికి కారణం తరచూ ఒకటే: వెంటిలేటర్ మీద గుండె కొట్టుకుంటూ, ఛాతీ కదులుతూ ఉంటే మనిషి పోయాడని నమ్మలేరు. బ్రెయిన్ డెడ్, అంటే మెదడు మళ్లీ కోలుకోకుండా పూర్తిగా ఆగిపోయింది అని నలుగురు డాక్టర్ల బోర్డు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరిస్తుందని ఇప్పుడే చెప్పి పెట్టండి. కిడ్నీలు, కాలేయం, గుండె సాధారణంగా ఈ స్థితిలోనే తీసుకుంటారు. యాక్సిడెంటు కేసైతే పోలీసులు, పోస్టుమార్టం తప్పవు, శవం చేతికొచ్చేసరికి ఆలస్యమవుతుంది.

ఇంట్లో పోతే ముఖ్యంగా మిగిలేది కళ్లు. రెప్పలు మూసి తడి దూది పెట్టాలి, ఫ్యాన్ ఆపాలి, తల కింద దిండు పెట్టాలి, వెంటనే నేత్రనిధికి ఫోన్ చేయాలి.

శరీరదానం వేరే సంగతి. నెల్లూరులోనో ఒంగోలులోనో వైద్య కళాశాల అనాటమీ విభాగంలో విడిగా రాసివ్వాలి. పోస్టుమార్టం అయిన దేహాన్ని, అవయవాలు తీసినదాన్ని సాధారణంగా తీసుకోరు. కళ్లు ఇచ్చినా ఇబ్బంది లేదు. రెండూ రాసేవాళ్లు ఏది ముందో ఇంట్లో స్పష్టంగా చెప్పాలి.

మనసు మారితే ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. నమోదు రద్దు చేయించి, పాత కార్డు చించేసి, సాక్షులకు కూడా ఆ మాట చెప్పండి.