పచ్చి కూరగాయల పళ్లెం – నాలుగవ పాఠం: కోత, నూనె, నిమ్మరసం

గత పాఠంలో హనుమకొండ రైతుబజారులో కూరగాయలను ఎంచుకోవడం, ఇంటికి తెచ్చి కడగడం నేర్చుకున్నాం. ఇక కోయడం, కలపడం చూద్దాం. కూరగాయలో ఉన్న పోషకమంతా ఒంటికి పట్టదు. ఎంత పడుతుందన్నది చాలావరకు కత్తిపీట దగ్గరే తేలిపోతుంది.

కీరలో దాదాపు 95 శాతం నీరే. 100 గ్రాములు తిన్నా సుమారు 15 కేలరీలే వస్తాయి. వరంగల్ ఎండలకు అది హాయినిచ్చే మాట నిజమే కానీ, పళ్లెం నిండా కీర ముక్కలే పెట్టుకొని పోషకాహారం తిన్నామనుకోవడం పొరపాటు. దానిలోని విటమిన్ కె తొక్కలోనే ఎక్కువ కనుక లేత కీరను తొక్కతోనే కోయండి. ఉప్పు ముందుగా చల్లితే ముక్కల నుంచి నీరూరి, కొంత పొటాషియం అందులోకి దిగిపోతుంది. అందుకే ఉప్పు వడ్డించేటప్పుడే వేయాలి.

క్యాబేజీని మనం కూరకే పరిమితం చేశాం, నాకు అది బాధగా ఉంటుంది. 100 గ్రాముల పచ్చి క్యాబేజీలో సుమారు 35 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. జాతీయ పోషకాహార సంస్థ 2020లో స్త్రీలకు సూచించిన రోజుకు 65 మిల్లీగ్రాములలో అది సగానికి పైనే. అయితే ఈ విటమిన్ వేడికీ గాలికీ తగ్గిపోతుంది, నీటిలోనూ కరుగుతుంది. పొద్దున తరిగి మధ్యాహ్నం తినడం, తరిగాక కడగడం మానండి. టమాటాకూ ఇదే వర్తిస్తుంది.

క్యారెట్ సంగతి వేరు. ఒక క్యారెట్‌ను తురిమి రెండు గిన్నెల్లో సర్దండి. ఒకదానిలో చెంచాడు నీళ్లు, మరొకదానిలో చెంచాడు గోరువెచ్చని నువ్వుల నూనె పోసి, కలిపి పావుగంట ఆగండి. నూనె నారింజ రంగు పట్టి తురుము అంచున మెరుస్తుంది. నీటికి ఆ రంగు అంతగా రాదు. ఆ రంగే బీటా కెరోటిన్, మన ఒంట్లో విటమిన్ ఎ గా మారేది. అది కొవ్వులోనే కరుగుతుంది కనుక, నూనె చుక్క లేకుండా తిన్న క్యారెట్ నుంచి మనకు అందేది తక్కువ. తాలింపు వేసినా, మనింట్లో ఎప్పుడూ ఉండే పల్లీల పొడి చల్లినా సరిపోతుంది.

నిమ్మరసం రుచికి మాత్రమే కాదు. జొన్నరొట్టెలో, తోటకూరలో ఉండే ఇనుము ఒంటికి సులభంగా పట్టదు. అదే భోజనంలో విటమిన్ సి తోడైతే ఎక్కువగా పడుతుంది. రొట్టె పక్కన ఉల్లిగడ్డ ముక్కలు పెట్టి నిమ్మకాయ పిండుకొనే మన అలవాటులో ఈ మేలు ఉంది. రసాన్ని పొయ్యి మీద కాక, పళ్లెంలోనే పిండాలి.

ఈ వారం అభ్యాసం: నలుగురికి పావుకిలో క్యాబేజీ, రెండు క్యారెట్లు, ఒక కీర, ఒక ఉల్లిగడ్డ తీసుకొని, అన్నం వడ్డించడానికి పది నిమిషాల ముందు తరగండి. రెండు చెంచాల పల్లీల పొడి, ఒక నిమ్మకాయ రసం, చివరన ఉప్పు కలపండి. గిన్నె అడుగున ఎంత నీరు మిగిలిందో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో మొలకెత్తిన పెసలు కలిపేటప్పుడు ఆ లెక్క అవసరమవుతుంది.