బంతి దారి తప్పుతోందా? ముందు ఊతకాలు చూడండి

ఫుట్‌బాల్‌లో బంతి గోల్ మీదుగా ఎగిరిపోగానే అందరి చూపూ తన్నిన కాలి మీదే పడుతుంది. తన్నినవాళ్లు కూడా ఆ కాలినే చూసుకుని తల పట్టుకుంటారు. ఇన్నేళ్లుగా చిన్నపిల్లలకూ, కాలేజీ కుర్రాళ్లకూ, నలభై దాటాక ఆట మొదలుపెట్టినవాళ్లకూ కిక్ నేర్పుతున్నాను. తప్పు ఎక్కువసార్లు రెండో కాలిలోనే దొరికింది. బంతి పక్కన నేలకు ఆనే ఆ కాలిని నేను ఊతకాలు అంటాను. ఆరేళ్ల పిల్లలకు కూడా ఆ మాట ఇట్టే పట్టుబడుతుంది.

కింద రాసినదంతా కుడికాలితో తన్నేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. ఎడమకాలివాళ్లు కుడిఎడమలు మార్చి చదువుకోండి.

కాలిని దిద్దే ముందు బంతిని చూడండి

చాలామంది ఇక్కడే పొరబడతారు. సాధారణంగా ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు 3వ సైజు బంతి, 8 నుంచి 12 ఏళ్ల వరకు 4వ సైజు, ఆ పైవాళ్లకు 5వ సైజు ఇస్తారు. 5వ సైజు బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. దాన్ని ఆరేళ్ల పాప ముందు పెడితే ఆ పాప కాలు ఊపి తన్నదు. ఒళ్లంతా కూడదీసుకుని తోస్తుంది, లేదంటే వేళ్ల కొసతో పొడుస్తుంది. అది అలవాటైపోతే విడిపించడానికి నెలలు పడుతుంది.

గాలి కూడా చూడండి. ఆట నిబంధనల ప్రకారం బంతిలో ఒత్తిడి 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల మధ్య ఉండాలి. పంపు గేజీలో అది సుమారు 8.5 నుంచి 15.6 పీఎస్ఐ. నేర్చుకునేవాళ్లకు కింది అంచుకు దగ్గరగా ఉంచితే మేలు. రాయిలాంటి బంతి ఒకసారి కాలికి నొప్పి పుట్టించిందంటే రెండోసారి ఆ కాలు భయపడుతూనే వస్తుంది.

సమస్య: ఎంత గట్టిగా తన్నినా బంతి గాల్లోకి లేస్తోంది

అందరికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. పక్కనుంచి "ముందుకు వంగు, ముందుకు వంగు" అని అరవడం కూడా అంతే మామూలు. ఆ అరుపు పనిచేయదు. ఒళ్లు వెనక్కి వాలడం అసలు తప్పుకు వెంట వచ్చే ఫలితం, అంతే.

ఊతకాలు బంతికి వెనకాల పడుతోంది. అసలు కారణం అది. ఉయ్యాలను గుర్తు చేసుకోండి. కింది కొస దాటాక ఉయ్యాల పైకే పోతుంది కదా. తన్నే కాలు కూడా అంతే. ఊతకాలు వెనకబడితే ఊగుతున్న పాదం కింది కొస దాటి, పైకి లేచేటప్పుడు బంతిని అందుకుంటుంది. అందుకోవడానికి ఒళ్లు వెనక్కి వాలుతుంది, పాదం బంతి అడుగుకు తగులుతుంది, బంతి ఆకాశం చూస్తుంది.

ఊతకాలు బంతికి సరిగ్గా పక్కన, జానెడు దూరంలో పడాలి. ఎవరి జానెడు వాళ్లదే. పిల్లలకు వాళ్ల చేతి జాన, పెద్దలకు వాళ్ల చేతి జాన. సెంటీమీటర్లలో చెప్పిన కొలత ఏదీ ఇంత చక్కగా అన్ని వయసులకూ సరిపోలేదు. ఆ చోట చదునైన రబ్బరు ముక్కో, సుద్దగీతో పెట్టండి. పరుగు వద్దు, రెండే అడుగులు. మొదటి పది సార్లు అసలు తన్నొద్దు. గుర్తు మీద ఊతకాలు వేసి, మోకాలు కొంచెం వంచి, అక్కడే ఆగాలి. ఆగినప్పుడు ఒళ్లు ఊగిపోకుండా ఉంటే, పదకొండోసారి తన్నమనండి.

బంతి కదులుతుంటే లెక్క మారుతుంది. మన ముందుకు దొర్లిపోతున్న బంతికి ఊతకాలు ఇంకాస్త ముందు పడాలి, ఎందుకంటే కాలు ఊగి వచ్చేలోపు బంతి ముందుకు జరుగుతుంది. మనవైపు వస్తున్న బంతికి కాస్త వెనకాల పడాలి. నిలిచిన బంతిని చక్కగా తన్నే కుర్రాళ్లు మ్యాచ్‌లో ఆకాశంలోకి కొట్టడం వెనక ఉన్నది సాధారణంగా ఇదే.

సరిచేసుకున్నారో లేదో తెలియాలంటే ఫోన్‌ను నేలకు దగ్గరగా, పక్కనుంచి పెట్టి స్లో మోషన్‌లో తీయండి. పాదం బంతికి తగిలే క్షణంలో తన్నే కాలి మోకాలు బంతికి పైన కనిపించాలి.

సమస్య: బంతి నేలమీదే పోతోంది, కానీ బలం లేదు

ముందు చప్పుడు వినండి. మంచి కిక్‌కు 'ధబ్' అనే లోతైన మోత వస్తుంది. 'చప్' మని చరిచినట్టు వినిపిస్తే చీలమండ వదులుగా ఉందన్నమాట. పాదం, బంతి కలిసి ఉండేది సెకనులో నూరోవంతు మాత్రమే. ఆ కాస్తలో కీలును బిగించుకోవడం ఎవరి తరమూ కాదు. ఊతకాలు నేలకు ఆనేసరికే తన్నే పాదం వేళ్లు కిందికి చూస్తూ, చీలమండ బిగిసి ఉండాలి. బంతి తగలాల్సింది షూ లేసులు కట్టే గట్టి ఎముక మీద.

దీనికి నేను చేయించేది ఒక్కటే. బంతిని రెండు చేతులతో పట్టుకుని వదిలి, నేలను తాకకముందే లేసుల మీద మెల్లగా తన్ని మళ్లీ చేతుల్లోకి తెచ్చుకోవాలి. బంతి తిరగకుండా వస్తే కీలు బిగిసినట్టు. వెనక్కి తిరుగుతూ వస్తే వేళ్లు పైకి లేచినట్టు. రోజుకు ఇరవై సార్లు చాలు.

కీలు బిగిసినా బలం రాకపోతే చివరి అడుగు చూడండి. అది మిగతా అడుగులకంటే పొడవుగా ఉండాలి. అప్పుడే తొడ వెనక్కి పోయి, ఊపుకు చోటు దొరుకుతుంది. కిక్ వేగం తొడ కండరాల లావులో లేదు. తొడ ముందుగా వచ్చి నెమ్మదిస్తుంది, ఆ వేగమంతా మోకాలి కింది భాగానికి అంది, కొరడా కొసలా పాదం విసురుగా వస్తుంది. అందుకే సన్నటి పన్నెండేళ్ల అమ్మాయి బలమైన నాన్నకంటే వేగంగా తన్నగలుగుతుంది. ఎడమ చేయి పక్కకు తెరుచుకోవాలి, తన్నాక ఆ తన్నిన కాలే ముందుగా నేలను తాకాలి. తన్నినచోటే ఆగిపోతున్నారంటే బంతి తగలకముందే కాలికి కళ్లెం వేస్తున్నారని అర్థం.

సమస్య: ప్రతిసారీ బొటనవేలే తగులుతోంది

పిల్లల్లో కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, బంతికి ఎదురుగా, తిన్నగా పరుగెత్తుకు రావడం. ఆ దారిలో వేళ్లు కిందికి వంచితే నేలకు కొట్టుకుంటాయి, కాబట్టి పాదం తనను తాను కాపాడుకుంటూ వేళ్లు ముందుకు చాస్తుంది. తప్పు పిల్లది కాదు, దారిది. బంతికి వెనక, ఎడమవైపుగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో నిలబెట్టండి. "పెరుగుతాడులే" అని ఒక సైజు పెద్ద షూ కొనిపెట్టారేమో కూడా చూడండి. అలాంటి షూ వేసుకున్న పిల్లాడి పాదం ఎక్కడ ముగుస్తుందో వాడికే తెలియదు.

మొనతో పొడవడం పాపమేమీ కాదు. 2002 ప్రపంచకప్ సెమీఫైనల్లో టర్కీ మీద బ్రెజిల్‌ను గెలిపించిన ఏకైక గోల్‌ను బ్రెజిల్ ఆటగాడు రొనాల్డో అలాగే పొడిచాడు. కాలు ఊపేందుకు చోటు లేనప్పుడు అది పదునైన ఆయుధం. కానీ లేసుల కిక్ వచ్చాకే అది నేర్పాలి.

సమస్య: పాస్ అనుకున్నచోటికి పోవడం లేదు

ఊతకాలి వేళ్లు ఎటు చూస్తున్నాయి? తుంటి అటే తిరుగుతుంది, బంతీ అటే పోతుంది. సగం పాస్‌లు ఈ ఒక్క ప్రశ్నతో బాగుపడతాయి.

అక్కడ సరిగ్గా ఉన్నా బంతి కుడికి జారుతుంటే, అది పాదం లోపలి పక్కన బొటనవేలి దగ్గర తగులుతోంది. ఆ దెబ్బకు పాదం విచ్చుకుంటుంది. వేళ్లు కొద్దిగా పైకెత్తి, చీలమండ బిగించి, మడమకూ బొటనవేలి మొదటికీ మధ్యనున్న వంపుతో తన్నాలి. ఎడమకు పోతుంటే కాలు ఒంటికి అడ్డంగా ఊగుతోంది. ఐదు మీటర్ల దూరంలో రెండు కోన్లను ఒక అడుగు ఎడంగా పెట్టి, పాదాన్ని వాటి నడుమకే సాగనివ్వండి.

బంతి మొదట సరిగ్గా వెళ్లి తర్వాత వంకర తిరిగితే అది వేరే సంగతి. బంతి చుట్టూ రంగు టేపు అంటించి తన్నితే అది ఎటు తిరుగుతోందో కనిపిస్తుంది. నడుమకు కుడిపక్కన తన్నిన బంతి ఎడమకు వంగుతుంది. తిరిగే వస్తువును గాలి పక్కకు తోసే ఈ సంగతిని జర్మన్ శాస్త్రవేత్త మాగ్నస్ 1852లో వివరించాడు. 1997 జూన్ 3న ఫ్రాన్స్ మీద బ్రెజిల్ ఆటగాడు రాబెర్తో కార్లోస్ సుమారు 35 మీటర్ల నుంచి ఎడమపాదం బయటి పక్కతో కొట్టిన ఫ్రీకిక్‌ కుడికి పోయి ఎడమకు వంగింది ఇందువల్లే. కావాలని వంచడం గొప్ప విద్య. అనుకోకుండా వంగుతుంటే మాత్రం నడుమన తన్నడం ఇంకా రాలేదన్నమాట.

సమస్య: తన్నాక నొప్పి

ఇక్కడ దయచేసి మొండితనం వద్దు. ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద ఉబ్బి నొప్పి పుడితే అది ఆస్‌గుడ్-ష్లాటర్ కావచ్చు, మడమ వెనక నొప్పి అయితే సీవర్ కావచ్చు. రెండూ ఎముక ఇంకా పెరుగుతున్న చోట కండరం లాగడం వల్ల వచ్చేవే. లాంగ్ షాట్లు ఆపించండి, నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. "ఆడుతూ ఆడుతూ పోతుందిలే" అనే మాట పిల్లల దగ్గర అనకండి.

ఇదే వయసులో, నిన్నటిదాకా చక్కగా వచ్చిన కిక్ ఉన్నట్టుండి పోతుంది కూడా. కాళ్లు పొడవయ్యాయి, జానెడు కొలత మారింది. రబ్బరు ముక్కతో మళ్లీ మొదలుపెట్టండి, తిట్టకండి.

పెద్దల్లో గజ్జల దగ్గరో, తొడ ముందుభాగంలోనో పట్టేస్తుంది. వచ్చీరాగానే దూరం నుంచి గోల్‌కు కొట్టడమే కారణం. ముందు పది నిమిషాలు చిన్న పాస్‌లు, తర్వాత 20 మీటర్లు, ఆ తర్వాతే పూర్తి ఊపు. 14 ఏళ్లు దాటినవాళ్లు ఫిఫా 11+ అనే ఇరవై నిమిషాల వార్మప్ నేర్చుకుంటే బాగుంటుంది. అందులో ఒంటికాలి మీద నిలబడే వ్యాయామాలు కూడా ఉన్నాయి.

సమస్య: ఎడమకాలు అసలు పనిచేయదు

నిజానికి పనిచేయనిది కుడికాలు. ఎప్పుడూ తన్నడమే తప్ప, ఊతకాలుగా నిలబడటం దానికి రాదు. అందుకే ఎడమతో తన్నబోతే ఒళ్లంతా తూలుతుంది. వారం రోజులు బంతిని పక్కన పెట్టేయండి. కుడికాలి మీద నిలబడి ముప్పై సెకన్లు, తర్వాత కళ్లు మూసుకుని పది. ఆ తర్వాత కుడికాలి మీదికి గెంతి, కదలకుండా ఆగడం. అది కుదిరాక గోడకు మూడు మీటర్ల దూరంలో ఎడమపాదం లోపలి పక్కతో మెల్లటి పాస్‌లు, కుడికాలి దగ్గర మళ్లీ అదే రబ్బరు ముక్క, మళ్లీ అదే జానెడు.