తెల్లవారుజామున ఆగిపోయిన ఫర్నేస్

డిసెంబరు నెలాఖరులో మొదటిసారి ఆర్వీ (ఇల్లులా వాడుకునే పెద్ద బండి) తీసుకుని అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ వెళ్లాం. ప్లోమోసా రోడ్డు పక్కన ప్రభుత్వ భూమిలో 14 రోజుల దాకా ఉచితంగా ఉండొచ్చు. కరెంటు, నీటి కనెక్షన్లు ఉండవు. పగలు మామూలు చొక్కాతో తిరిగాం. రాత్రి చలి ఎముకలు కొరికింది.

తెల్లవారుజామున 3 గంటలకు ఫర్నేస్, అంటే బండిని వెచ్చగా ఉంచే గ్యాస్ హీటర్, ఆగింది. సిలిండర్ నిండుగానే ఉంది. ఫ్యాన్ మాత్రం నీరసంగా తిరుగుతోంది, మంట అంటుకోవడం లేదు. మీటరు పెడితే బ్యాటరీ 11.6 వోల్టులు, అంటే దాదాపు ఖాళీ. అప్పుడర్థమైంది: ఫ్యాన్ గాలి చాలినంత జోరుగా రాకపోతే లోపలి సెయిల్ స్విచ్ కలవదు, అది కలవకపోతే బర్నర్ వెలగదు. గ్యాస్ ఫర్నేసే అయినా ఆ ఫ్యాన్‌కి 7, 8 ఆంపియర్లు కావాలి. పైగా ఇన్వర్టర్ ఆన్‌లోనే వదిలేశాను, అదీ బ్యాటరీని తింటూనే ఉంది.

కప్పు మీద సోలార్ ప్యానెల్ ఉంది కదా అని ధీమాగా ఉన్నాను. కానీ ఆ రోజుల్లో అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 33 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. పడుకోబెట్టిన ప్యానెల్‌కి ఎండ దాదాపు సగమే అందుతుంది. మర్నాడు దాన్ని దక్షిణం వైపు ఏటవాలుగా లేపి బిగించాను. ఛార్జింగ్ వెంటనే పెరిగింది. రాత్రి ఇన్వర్టర్ ఆపేసి, థర్మోస్టాట్ 55 డిగ్రీల ఫారన్‌హీట్‌కి (సుమారు 13 సెల్సియస్) తగ్గించి, తలా రెండు దుప్పట్లు కప్పుకున్నాం. పొద్దునకి బ్యాటరీ 12.3 వోల్టుల దగ్గర నిలిచింది.

ఒక్క మాట, వెచ్చదనం కోసం వంట స్టవ్ వెలిగించి పడుకోకండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు, దానికి వాసన ఉండదు. ఆ వాయువును పసిగట్టే డిటెక్టర్ బటన్ నొక్కి, కూత విన్నాకే మా పాపను పడుకోబెట్టాను.