పీఎఫ్ కోత తగ్గించుకోవడానికి దరఖాస్తు ఎలా పెట్టాలి, దాంతో ఇన్‌కమ్ ట్యాక్స్ ఎంత మారుతుంది

పీఎఫ్ కోతని 1,800కి దించమని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: తగ్గేది నా వాటా ఒక్కటేనా, కంపెనీ వాటా కూడానా? పన్ను లెక్కంతా దీనిమీదే తిరుగుతుంది. నేను అడగలేదు. అప్పట్లో పనిచేసిన చోట ఫారం మీద టిక్ పెట్టేసి, చేతికొచ్చే జీతం పెరిగిందని రెండు మూడు నెలలు హాయిగా ఖర్చుపెట్టి, జనవరి స్లిప్పులో టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే పన్ను) అంకె చూశాక గానీ నాకు విషయం అర్థం కాలేదు.

ముందు మీకు ఎంత కట్ అవుతోందో చూసుకోండి. పేస్లిప్పులో పీఎఫ్ దగ్గర 1,800 అని ఉంటే మీరు ఇప్పటికే కనీసంలో ఉన్నారు, ఇంకా తగ్గించడానికి ఏమీ లేదు. బేసిక్, డీఏ కలిపిన మొత్తంలో 12 శాతం పోతుంటే అవకాశం ఉంది. తప్పనిసరి అనేది 15,000 జీతం వరకే, దానిమీద 12 శాతం అంటే 1,800 (2014 సెప్టెంబరులో 6,500 నుంచి 15,000కి పెంచారు, మళ్లీ పెంచితే కింద నేను వేసిన లెక్కలన్నీ మారతాయి). ఆ పైన కట్టేదంతా మీరూ కంపెనీ ఒప్పుకుని కడుతున్నదే. బేసిక్ 15,000 లోపు ఉన్నవాళ్లకి 12 శాతం తప్పదు. ఏపీ, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగుల సీపీఎస్ (ఉద్యోగీ ప్రభుత్వమూ వాటాలు కట్టే పెన్షన్ పథకం) వేరే వ్యవహారం, అందులో 10 శాతం కోత తగ్గించుకునే వీలు లేదు కాబట్టి వాళ్లకి ఇక్కడ పనికొచ్చేది పెద్దగా ఉండదు.

ఇక దరఖాస్తు. ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ నడిపే సంస్థ) మెంబర్ పోర్టల్‌లో లాగిన్ అయి దీనికోసం వెతకొద్దు, అక్కడ అలాంటి ఆప్షన్ లేదు. కోత మార్చాల్సింది కంపెనీ పేరోల్ వాళ్లే. 2020 మే, జూన్, జులై నెలలకి ప్రభుత్వమే రేటుని 10 శాతానికి దించినప్పుడు ఎవరూ దరఖాస్తు పెట్టలేదు, దానంతటదే జరిగిపోయింది, అందుకేనేమో ఇప్పుడు కూడా ఎక్కడో ఒక బటన్ ఉంటుందని చాలామంది అనుకుంటారు.

కొత్తగా చేరేటప్పుడైతే పని తేలిక. ఫారం 11 (పీఎఫ్ డిక్లరేషన్) ఇస్తారు, ఆఫర్ లెటర్ దశలోనే పీఎఫ్ పూర్తి బేసిక్ మీదా, 15,000 మీదా అని అడిగే కంపెనీలు చాలా ఉన్నాయి. బేసిక్ 15,000 దాటి, ఇంతకుముందు ఎప్పుడూ పీఎఫ్ సభ్యులు కాకపోతే అసలు పీఎఫ్ వద్దని కూడా అదే ఫారంలో చెప్పొచ్చు. పాత ఖాతాలో డబ్బు ఉండగా మాత్రం ఆ దారి లేదు.

ఉద్యోగం మధ్యలో అయితే కంపెనీ ఒప్పుకోవాలి. కొన్నిచోట్ల ఏప్రిల్‌లో మాత్రమే మార్చనిస్తారు, కొన్నిచోట్ల చేరేటప్పుడు ఎంచుకున్నదే చివరిదాకా అంటారు. ముందుగా మీ కోతలో వీపీఎఫ్ ఏమైనా కలిసి ఉందేమో చూడండి. వీపీఎఫ్ అంటే 12 శాతం పైన మీరు స్వయంగా కట్టేది, దానికి కంపెనీ వాటా జతకాదు కాబట్టి దాన్ని తగ్గించడానికి పెద్దగా అభ్యంతరం చెప్పరు. తగ్గించాల్సింది అదే అయితే అక్కడితో ఆపేయండి, అసలు పీఎఫ్ జోలికి పోకండి.

మెయిల్‌లో ఏం రాయాలంటే: మీ ఎంప్లాయీ నంబరు, యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరు), ఇప్పుడు ఏ మొత్తం మీద కట్ అవుతోంది, ఏ నెల జీతం నుంచి ఏ మొత్తానికి మార్చాలి. ఆ తర్వాత విడిగా, కొట్టొచ్చినట్టు కనిపించేలా ఈ రెండు వాక్యాలు పెట్టండి: "నా వాటా తగ్గించాక కంపెనీ వాటా పూర్తి బేసిక్ మీదే కొనసాగుతుందా, లేక అది కూడా తగ్గుతుందా? తగ్గితే ఆ తేడా నా జీతంలో ఏ పద్దు కింద వస్తుంది?" జవాబు రాతపూర్వకంగా తీసుకోండి, ఫోన్లో చెప్పింది నమ్మొద్దు. పేరోల్ లాక్ అయ్యే తేదీ లోపు పంపకపోతే పై నెలకి పోతుంది. కంపెనీ ప్రతి నెలా ఈసీఆర్ (ఉద్యోగుల నెలవారీ పీఎఫ్ లెక్క) దాఖలు చేసి తర్వాతి నెల 15లోపు డబ్బు కడుతుంది, ఆ తర్వాత పాస్‌బుక్‌లో గానీ ఉమంగ్ యాప్‌లో గానీ రెండు వాటాలూ విడివిడిగా చూసుకోండి.

కంపెనీ కూడా 1,800కి దిగితే పెన్షన్ పోతుందని టెన్షన్ పడేవాళ్లున్నారు. ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు నడిచే పెన్షన్ పథకం) సభ్యులకి ఆ 1,800లో 1,250 పెన్షన్‌కే వెళ్తుంది, పూర్తి బేసిక్ మీద కట్టినప్పుడూ పెన్షన్‌కి వెళ్లేది అదే 1,250. పీఎఫ్ ఖాతాలో పడేదే 550కి పడిపోతుంది. అయితే అధిక పెన్షన్‌కి జాయింట్ ఆప్షన్ (ఉద్యోగీ కంపెనీ కలిసి పెట్టే దరఖాస్తు) ఇచ్చినవాళ్లు మాత్రం దీన్ని కదిలించొద్దు, వాళ్ల లెక్క పూర్తి జీతం మీద నడుస్తుంది.

ఇప్పుడు పన్ను. బేసిక్ 52,500 అనుకుందాం. 12 శాతం అంటే 6,300. 1,800కి దించితే నెలకి 4,500, ఏడాదికి 54,000 తేడా. ఇది మీ వాటాలో. కంపెనీ కూడా దించి, ఆ తేడాని మీకే ఇస్తే ఇంకో 54,000.

పాత పన్ను పద్ధతిలో ఉంటే మీ వాటా 80సీ (కొన్ని పొదుపుల్ని, ఖర్చుల్ని ఆదాయంలోంచి తీసేసి పన్ను వేసే సెక్షన్) కిందకి వస్తుంది, ఏడాదికి 1.5 లక్షల వరకు (2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి కానీ జనం నోట్లో ఇంకా 80సీనే). పిల్లల ట్యూషన్ ఫీజు, హోమ్‌లోన్ అసలు, ఎల్‌ఐసీ కలిపి 1.5 లక్షలు ఎలాగూ దాటిపోతుంటే పీఎఫ్ తగ్గినా మీ వాటా వల్ల పన్నులో పైసా తేడా రాదు. అవేవీ లేక పీఎఫే దిక్కయితే, 20 శాతం స్లాబులో ఉన్నవాళ్లకి సెస్సుతో కలిపి 11,232 అదనపు పన్ను, 30 శాతంలో అయితే 16,848. హెచ్‌ఆర్‌కి ఇచ్చిన ఇన్వెస్ట్‌మెంట్ డిక్లరేషన్ కూడా అదే రోజు మార్చండి, లేకపోతే ఏడాది పన్నంతా చివరి మూడు నెలల జీతంలోంచి లాగుతారు.

కొత్త పన్ను పద్ధతిలో 80సీ లేదు. కాబట్టి మీ వాటా తగ్గించుకుంటే పన్ను పెరగదు, తగ్గదు, 54,000కి 54,000 చేతికొస్తుంది. "కొత్త పద్ధతిలో పీఎఫ్ తగ్గించుకుంటే నష్టమే లేదు" అనే మాట ఇక్కడి నుంచే పుట్టింది. సగం నిజం. ఎందుకంటే కంపెనీ కట్టే వాటాకి రెండు పద్ధతుల్లోనూ పన్ను లేదు (పీఎఫ్, ఎన్‌పీఎస్ అనే జాతీయ పెన్షన్ పథకం, కంపెనీ పెట్టే సూపర్‌యాన్యుయేషన్ పెన్షన్ నిధి కలిపి ఏడాదికి 7.5 లక్షలు దాటనంతవరకు). అదే డబ్బు స్పెషల్ అలవెన్సుగా మారి మీ జీతంలో కలిసిన రోజు నుంచి పూర్తిగా పన్ను పడుతుంది.

కొందరికి ఇది ఎంత గట్టిగా తగులుతుందో చూడండి. కొత్త పద్ధతిలో 2025-26 స్లాబుల ప్రకారం, కంపెనీ పీఎఫ్ కాకుండా జీతం 12.60 లక్షలు అనుకుందాం. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 11.85 లక్షలు, 12 లక్షల లోపు కాబట్టి రిబేటు (పన్ను మాఫీ) వచ్చి పన్ను సున్నా. ఇప్పుడు కంపెనీ వాటాలో తేడా 54,000 జీతంలో కలిసింది. 12.39 లక్షలు అయింది. రిబేటు పోయింది. స్లాబుల ప్రకారం 65,850 పడాలి కానీ మార్జినల్ రిలీఫ్ వల్ల 12 లక్షల పైన ఉన్న 39,000కే ఆపుతారు, 4 శాతం సెస్సు కలిపితే 40,560. అంటే కంపెనీ ఇచ్చిన 54,000లో మీకు మిగిలేది 13,440. పీఎఫ్‌లోనే ఉండి ఉంటే మొత్తం 54,000 మీ ఖాతాలో పడేది, పైగా 2024-25కి ఇచ్చినట్టు 8.25 శాతం వడ్డీ కూడా. నెలకి వెయ్యి రూపాయల చిల్లర కోసం దీన్ని వదులుకోవడం నాకైతే తెలివితక్కువ పనిగానే అనిపిస్తుంది.

కంపెనీ వాటా ఎలాగూ తగ్గుతుంది, తప్పదు అంటే, ఆ తేడాని అలవెన్సుగా కాకుండా ఎన్‌పీఎస్‌లో కంపెనీ వాటాగా వేయమని అదే మెయిల్‌లో అడగండి. కొత్త పద్ధతిలో బేసిక్‌లో 14 శాతం దాకా దీనికి మినహాయింపు ఉంది, మన లెక్కలో 7,350 వరకు, 4,500 సులువుగా పట్టేస్తుంది, పన్ను మళ్లీ సున్నాకి వస్తుంది. డబ్బు మాత్రం చాలా ఏళ్లు కదలదు, చేతికి రావాలనే ఉద్దేశంతో మొదలుపెట్టినవాళ్లకి ఇది నచ్చకపోవచ్చు.

తగ్గించుకోవడం వల్ల పన్ను నిజంగా తగ్గే సందర్భం కూడా ఒకటుంది. 2021 ఏప్రిల్ నుంచి, పీఎఫ్, వీపీఎఫ్ కలిపి మీ వాటా ఏడాదికి 2.5 లక్షలు దాటితే ఆ పైమొత్తం మీద వచ్చే వడ్డీకి పన్ను కట్టాలి, ఆ భాగాన్ని విడిగా లెక్కేస్తారు, తర్వాతి ఏళ్లలో దానిమీద వచ్చే వడ్డీకి కూడా పన్నే. పెద్ద జీతాల్లో ఉండి వీపీఎఫ్ బాగా కట్టేవాళ్లు నెలకి మొత్తం 20,833 దాటకుండా చూసుకుంటే సరిపోతుంది.

మార్చాక మళ్లీ పెంచాలనిపిస్తే ఇదే మెయిల్, ఇదే తంతు. రిటర్న్ గడువులోపు వేసేటప్పుడు పాత పద్ధతా కొత్తదా అన్నది జీతగాళ్లు ఏ ఏడాదికి ఆ ఏడాది మార్చుకోవచ్చు గానీ, పీఎఫ్‌లో పడని డబ్బుని అప్పుడు వెనక్కి తెచ్చి వేయలేరు, కాబట్టి పేరోల్ లాక్ అయ్యేలోపే రెండు పద్ధతుల్లోనూ ఒకసారి లెక్క వేసుకుని మెయిల్ పంపండి.