సైకిల్ రేసు అంచనా – 4వ పాఠం: వెనకాల తరిమేదెవరు?

గత మూడు పాఠాల్లో రూట్ మ్యాప్ చదవడం, ఎత్తుల పటం చదవడం, జట్టులో ఎవరి పని ఏమిటో గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఇప్పుడు పటం చూడగానే ఇది స్ప్రింటర్ల (గీత దగ్గర మెరుపు వేగంతో దూసుకెళ్లేవాళ్ల) రోజు, ఇది కొండల రోజు అని మీరే చెప్పేస్తున్నారు. అంచనా వేసేవాళ్లలో చాలామంది అక్కడితోనే ఆగిపోతారు. పందేలు కట్టించుకునే బుకీలకు కావలసింది కూడా అదే. పటంలో కనిపించని ప్రశ్న ఒకటుంది: ముందు పారిపోయినవాళ్లను ఈ రోజు వెనకాల తరిమేదెవరు? వాళ్లకు తరమాల్సిన అవసరం ఏమిటి? ఈ పాఠమంతా దాని గురించే.

అంతకు ముందు ఒక మాట. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025లో పార్లమెంటు కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. కాబట్టి ఇక్కడున్నవాళ్లు ఈ పాఠాన్ని కాగితం మీదే చేయండి. బ్రిటన్ లాంటి చోట్ల ఉన్న మనవాళ్లకు, 18 నిండితే, లైసెన్సున్న బుకీల దగ్గర ఇది చట్టబద్ధమే. వాళ్లకూ నా సలహా ఒకటే: మొదటి రేసు మొత్తం కాగితం మీదే ఆడండి.

ఇక అసలు విషయానికొద్దాం. సంక్రాంతి బరిలో రెండు పుంజులే ఉంటాయి, రెండూ గెలవడానికే దిగుతాయి. మూడు వారాలు సాగే 2025 టూర్ డి ఫ్రాన్స్‌లో 23 జట్ల తరఫున 184 మంది బయల్దేరారు. ఏ రోజు తీసుకున్నా వాళ్లలో మూడొంతుల మందికి ఆ రోజు గెలవడం పనే కాదు. ఒకరు కెప్టెన్‌కు గాలి తగలకుండా ముందు తొక్కాలి, ఒకరు నీళ్ల బాటిళ్లు మోయాలి, ఒకరు టైమ్ లిమిట్ దాటకుండా ఎలాగోలా చేరితే చాలు. గుంపులో దాక్కుని తొక్కితే గాలి దెబ్బ బాగా తగ్గి బోలెడు శక్తి మిగులుతుంది. గుంపు ముందుకొచ్చి తరమడం అంటే ఆ మిగులును ఖర్చు పెట్టడం. ఊరికే ఎవరూ ఖర్చు పెట్టరు.

ఒకే రకం పటమున్న రెండు రోజులు చూడండి. 2025 టూర్ 9వ స్టేజ్ (ఒక్కో రోజు రేసును స్టేజ్ అంటారు), షినోన్ నుంచి షతోరూ దాకా, బల్లపరుపు రోడ్డు. మథ్యూ వాన్ డెర్ పూల్, అతని సహచరుడు యోనాస్ రికార్ట్ మొదట్లోనే పారిపోయారు. వీళ్ల జట్టు ముఖ్య స్ప్రింటర్ ఫిలిప్సెన్ 3వ స్టేజ్‌లోనే పడి రేసు వదిలేశాడు. ఆ ముఖ్య స్ప్రింటర్ లేడు కనుక ఆ జట్టుకు తరిమే బాధ్యత తగ్గి, పారిపోయే స్వేచ్ఛ వచ్చింది. మిగతా స్ప్రింటర్ల జట్లు మాత్రం ఇంకా మొదటి వారపు ఊపులో ఉన్నాయి. ఆ రోజు సగటు వేగం గంటకు 50 కిలోమీటర్లు. వాన్ డెర్ పూల్ చివరి కిలోమీటర్‌లో దొరికిపోయాడు, స్ప్రింట్‌లో టిమ్ మెర్లియర్ గెలిచాడు.

రెండోది 2023 టూర్ 18వ స్టేజ్, మూతియే నుంచి బూర్గ్-ఆఁ-బ్రెస్ దాకా. ఇది కూడా కాగితం మీద స్ప్రింటర్ల రోజే. కానీ ముందురోజు అందరూ కోల్ ద లా లోజ్ అనే పెద్ద కొండ ఎక్కి వచ్చారు. కావెండిష్, యాకబ్సెన్, యూఅన్ లాంటి స్ప్రింటర్లు అప్పటికే ఇంటికెళ్లిపోయారు. ఫిలిప్సెన్ నాలుగు స్టేజ్‌లు గెలిచేసి ఉన్నాడు. అతని కోసం వేరే జట్లు ఎందుకు చెమటోడ్చాలి? ముందున్న కొద్దిమందికీ గుంపుకూ మధ్య తేడా పెద్దదేమీ కాదు. అయినా గుంపు ఆ కాస్తా పూడ్చలేకపోయింది. డెన్మార్క్‌కు చెందిన కాస్పర్ ఆస్‌గ్రీన్ గెలిచాడు. ఫిలిప్సెన్‌కు నాలుగో స్థానం దక్కింది.

పటం ఒకటే, ఫలితాలు వేరు. తేడా అంతా తరిమే జట్ల లెక్కలో ఉంది. కాబట్టి ప్రతి స్టేజ్‌కూ ముందురోజు రాత్రి నోట్‌బుక్‌లో ఇవి రాయండి. రేసులో ఇంకా మిగిలిన నిఖార్సైన స్ప్రింటర్లు ఎంతమంది? వాళ్లలో ఇంకా ఒక్క గెలుపూ లేనివాళ్లు ఎవరు? ఆ జట్లలో ముందుండి తొక్కగల బలమైనవాళ్లు ఎందరు మిగిలారు? జబ్బు పడ్డవాళ్లను, నిన్న పడి కట్లు కట్టించుకున్నవాళ్లను తీసేసి లెక్కపెట్టాలి. చివరిది, పసుపు జెర్సీ (మొత్తం టైమ్‌లో అందరికంటే ముందున్నవాడు వేసుకునేది) జట్టుకు ఈ రోజు ఏం కావాలి?

ఈ చివరి ప్రశ్నకు జవాబు చాలాసార్లు "ఏమీ వద్దు" అని వస్తుంది. కొత్తవాళ్లకు ఇది నమ్మబుద్ధి కాదు. జెర్సీ ఉంటే పోడియం, ప్రెస్ మీట్, రోజంతా గుంపును నడిపే బరువు అన్నీ నెత్తిన పడతాయి. 2025లో 10వ స్టేజ్‌కు ముందు బెన్ హీలీ మూడు నిమిషాల 55 సెకన్లు వెనకున్నాడు. బ్రేక్‌అవేలో (ముందు పారిపోయిన చిన్న గుంపులో) వెళ్లి, సాయంత్రానికి, అప్పటిదాకా ఆ జెర్సీలో ఉన్న పొగాచర్ కంటే 29 సెకన్ల ముందుకొచ్చి పసుపు జెర్సీ తొడుక్కున్నాడు. పొగాచర్ జట్టు కంగారు పడలేదు. హీలీ పర్వతాల్లో నిలవడని వాళ్లకు తెలుసు. స్టేజ్ గెలిచింది అదే బ్రేక్‌అవేలో ఉన్న సైమన్ యేట్స్. "ఎల్లో జెర్సీ వాళ్లు ఎలాగూ వదలరు" అనుకుని ఫేవరెట్ మీద పెట్టినవాళ్ల డబ్బు ఆ రోజు మధ్యాహ్నానికే పోయింది.

తరిమే బాధ్యత ఇద్దరి మధ్య పడితే ఏమవుతుందో చూడాలంటే ఇటలీలో జరిగే పెద్ద రేసు, 2025 జిరో డి ఇటాలియా 20వ స్టేజ్‌ను మించింది లేదు. గులాబీ జెర్సీ (ఇక్కడ పసుపు జెర్సీకి బదులు ఇదే) ఇసాక్ డెల్ టోరోది, వయసు 21. కరాపజ్ 43 సెకన్లు వెనక, సైమన్ యేట్స్ 1:21 వెనక ఉన్నారు. దారిలో కొల్లె దెల్లె ఫినెస్ట్రే ఉంది: 18.5 కిలోమీటర్ల ఎక్కుడు, తొమ్మిది శాతం దాటిన వాలు, పైన కంకర రోడ్డు. కరాపజ్ కింది నుంచే దాడి మొదలుపెట్టాడు, డెల్ టోరో చక్రానికి అంటుకుపోయాడు. యేట్స్ వెనక నుంచి వచ్చి వాళ్లను దాటి వెళ్లిపోయాడు. అప్పుడు మొదలైంది అసలు తమాషా. నేను లాగితే నువ్వు చివర్లో కొడతావని డెల్ టోరో, జెర్సీ నీది కాబట్టి నువ్వే లాగాలని కరాపజ్, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. యేట్స్ జట్టు వౌట్ వాన్ ఆర్ట్‌ను పొద్దున్నే బ్రేక్‌అవేలోకి పంపి ఉంచింది. శిఖరం దాటాక అతను ఆగి, సెస్ట్రియేర్ ఎక్కుడు వైపు యేట్స్‌ను లాక్కెళ్లాడు. ఐదు నిమిషాలకు పైగా తేడా వచ్చింది. యేట్స్ జిరో డి ఇటాలియా గెలిచాడు. 2018లో ఇదే కొండ దారిలో గులాబీ జెర్సీ పోగొట్టుకున్నదీ ఇతనే.

ఇదంతా ముందే చెప్పగలిగేవాళ్లమా? గెలుపును చెప్పలేం. కానీ దగ్గర దగ్గరగా ఇద్దరున్నప్పుడు మూడోవాడి రేటు (గెలిస్తే ఒక రూపాయికి బుకీ తిరిగిచ్చే మొత్తం) విలువైనదేనా అని అడిగి ఉండొచ్చు. వాన్ ఆర్ట్ బ్రేక్‌అవేలో కనిపించగానే ఆ ప్రశ్న ఇంకా గట్టిగా అడగాల్సింది.

ఇప్పుడు అంకెల్లోకి వెళ్దాం. రేటును అవకాశంగా మార్చడం సులువే, 100ను రేటుతో భాగించాలి. మాటవరసకి ఒక స్ప్రింట్ స్టేజ్‌కు రేట్లు 2.50, 4, 6, 11, 15, 21 అనుకోండి. అంటే 40, 25, 16.7, 9.1, 6.7, 4.8 శాతం. కూడితే 102.3. ఆరుగురితోనే వంద దాటింది, ఇంకా 170 మందికి పైగా మిగిలే ఉన్నారు, వాళ్లకీ రేట్లున్నాయి. ఆ పైనున్నదంతా బుకీ వాటా. బ్రేక్‌అవే గెలిచే అవకాశం 30 శాతమని మీ నోట్‌బుక్ చెబితే, ఆ ఆరుగురు స్ప్రింటర్లూ కలిసి 70 మించకూడదు. మార్కెట్ వాళ్లకు 102 ఇచ్చింది. ఆ రోజు స్ప్రింటర్లను వదిలేయడమే పందెం.

బ్రేక్‌అవే మనిషి మీద లెక్క ఇంకోలా ఉంటుంది. ఇక్కడ మూడు మెట్లున్నాయి: బ్రేక్‌అవే నిలవాలి, మీవాడు అందులో దూరాలి, దూరినవాళ్లందరినీ ఓడించాలి. 60 శాతం, 40 శాతం, 20 శాతం అనుకుంటే, గుణిస్తే 4.8 శాతమే. న్యాయమైన రేటు 21 దగ్గర. 12 ఇస్తుంటే ముట్టుకోకండి, 34 ఇస్తుంటే ఆలోచించండి. చాలామంది మూడో మెట్టు ఒక్కటే చూస్తారు, "వాడు దూరితే గెలుస్తాడు" అని. నిజమే, కానీ ఆ దూరడానికే మొదటి గంటలో వంద మంది కొట్టుకుంటుంటారు.

రేసు నడుస్తుండగా చూసేవాళ్లకు ఒక పాత కొలత పనికొస్తుంది. ఫ్రెంచ్ టీవీ వ్యాఖ్యాత రొబేర్ షపాట్ పేరు మీదున్న లెక్క: గుంపు గట్టిగా తరిమితే పది కిలోమీటర్లకు ఒక నిమిషం పూడుస్తుంది. 30 కిలోమీటర్లుండగా తేడా మూడు నిమిషాలైతే సరిసమానం. అయితే అది సమతలంపై, అందరూ మనసు పెట్టి తరిమితేనే. గుంపు ముందు ఒకే జట్టు జెర్సీలు కనిపిస్తుంటే నేనైతే ముందున్నవాళ్లకు ఇంకాస్త ఎక్కువ ఇస్తాను. మూడు జట్లు వంతులేసుకుని లాగుతుంటే తగ్గిస్తాను.

పందెం మొత్తం గురించి క్లుప్తంగా: పోయినా పర్వాలేదనుకున్న డబ్బును వంద భాగాలు చేసి స్టేజ్‌కు ఒక భాగం. పోయినదాన్ని రాబట్టాలని మర్నాడు రెట్టింపు చేయడం మొదలైతే రేసు చూడటం ఆపేయండి.

అభ్యాసం. వచ్చే పెద్ద రేసులో వరసగా నాలుగు స్టేజ్‌లు తీసుకోండి. రేట్లు చూడకముందే, పైన చెప్పిన ప్రశ్నలకు జవాబులు రాసి, "బ్రేక్‌అవే ఇంత శాతం, గుంపు ఇంత శాతం" అని అంకె వేయండి. రేసయ్యాక విజేత పేరుతో పోల్చుకోకండి. మీరు తరుముతారన్న జట్లే గుంపు ముందు కనిపించాయా లేదా, అది మాత్రమే టిక్ పెట్టుకోండి.

ఇంకొక లెక్క. కొండదారి స్టేజ్, బ్రేక్‌అవే నిలిచే అవకాశం 70 శాతం. మీరు నమ్మే మనిషి అందులో దూరే అవకాశం 30, దూరితే గెలిచే అవకాశం 25. బుకీ 15 ఇస్తున్నాడు. తీసుకుంటారా, వదిలేస్తారా? జవాబు ఐదో పాఠం మొదట్లో చూద్దాం. ఆ పాఠంలో టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీ పడే రేసు) నేర్చుకుంటాం. అక్కడ తరిమేవాళ్లే ఉండరు.