‘దాదాపు అదే’ అనే మాట లోడింగ్ బల్ల దగ్గర వద్దు

గత ఆదివారం కాల్పుల రేంజిలో నా పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన ఇంట్లో తానే నింపుకున్న తూటాతో తన 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్ రైఫిల్ పేల్చారు. శబ్దం మామూలుగానే వచ్చింది. తూటాను వెనుక నుంచి మూసి పట్టే బోల్టు పిడి మాత్రం లేవలేదు. అరచేత్తో కొట్టినా కదలలేదు. చివరికి రబ్బరు సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే తెరుచుకుంది. బయటపడిన ఇత్తడి కేసును చేతిలోకి తీసుకుని చూశాను. తుపాకి మందును అంటించే ప్రైమర్ ఉండవలసిన చోట ఖాళీ బెజ్జం. కేసు అడుగున, బోల్టు ముఖం మీది ఎజెక్టర్ రంధ్రం ముద్ర గుండ్రంగా, గోటితో తడిమితే తగిలేంత ఎత్తుగా పడింది. పీడనం హద్దు దాటిందనడానికి గుర్తులు ఇవే. ఆయన కళ్లద్దాల మీద మసి చారలు. అద్దాలు లేకపోతే ఆ మసి ఎక్కడ ఉండేదో ఆయనకూ అర్థమైంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తరువాత సంచిలోంచి నోటుపుస్తకం తీసి చూపించారు. హెచ్ 4831 మందుతో ఏళ్ల తరబడి వాడుతున్న తూకం అందులో చక్కగా రాసి ఉంది. ఈసారి ఆ మందు దొరకలేదు. ఐఎంఆర్ 4831 దొరికింది. రెండూ 4831లే, దాదాపు అదే అనుకుని పాత తూకమే పోశారు.

వేట రోజులు దగ్గర పడగానే ఎన్నో బల్లల మీద తూటాలు బిగించే ప్రెస్సుల దుమ్ము దులుపుతారు కాబట్టి ఇది ఇప్పుడే రాస్తున్నాను. బల్ల దగ్గర పొగ తాగకూడదు, పిల్లలను దూరంగా ఉంచాలి వంటివి ప్రతి మాన్యువల్ మొదటి పేజీలోనే ఉంటాయి, వాటి జోలికి పోను. నేను చూసిన పాడైన రైఫిళ్లలో ఎక్కువ వాటి వెనుక ఒకే మాట ఉంది: దాదాపు అదే.

మందు సంగతి

డబ్బా మీది అంకె మందు పేరు కాదు, పేరులో సగం మాత్రమే. హెచ్ (అంటే హాడ్జ్‌డన్) 4831 కన్నా ఐఎంఆర్ 4831 వేగంగా కాలుతుంది. నిదానంగా కాలే మందుకు సరిపోయిన గరిష్ఠ తూకంలో వేగంగా కాలేదాన్ని పోస్తే, బుల్లెట్ (తూటా కొసన ఉండి ఎగిరిపోయే భాగం) బ్యారెల్‌లో ముందుకు జరిగి చోటు ఇచ్చేలోపే పీడనం కొండెక్కుతుంది. 4350 అనే అంకెతో హాడ్జ్‌డన్, ఐఎంఆర్, అక్యురేట్ మూడు పేర్ల మందులు ఉన్నాయి. మూడూ వేరు, మూడింటికీ తూకాల పట్టికలు వేరు. తికమక పెట్టడానికే అన్నట్టు హెచ్ 4831, హెచ్ 4831 ఎస్‌సీ మాత్రం ఒకే పట్టికతో నడుస్తాయి. రెండోదాని గింజలు పొట్టివి, అంతే. ఇలాంటి మినహాయింపును తయారీదారు రాసి ఇచ్చినప్పుడే నమ్మాలి. మన తర్కంతో మనమే సృష్టించుకోకూడదు.

మందులను కాలే వేగం ప్రకారం వరసగా చూపే చార్టు ఒకటి అందరి దగ్గరా ఉంటుంది. చార్టులో పక్కపక్కన ఉన్నాయి కాబట్టి ఒకదాని బదులు ఇంకొకటి వాడవచ్చని చాలామంది అనుకుంటారు. అది ఎవరు ముందు, ఎవరు వెనుక అని చెప్పే వరస మాత్రమే. ఎంత దూరం ముందో చెప్పదు. పరుగు పందెంలో మొదటివాడికి, రెండోవాడికి మధ్య అడుగు దూరమే ఉండవచ్చు, అర ఫర్లాంగూ ఉండవచ్చు. పైగా కేసు మారితే, బుల్లెట్ బరువు మారితే ఆ వరసే అటూ ఇటూ అవుతుంది.

మాగ్నమ్‌లలో ఈ తప్పు ఎందుకింత ఖరీదైనదో చెబుతాను. మాగ్నమ్ అంటే ఎక్కువ మందు పట్టే పెద్ద కేసు తూటా. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ కేసులో సుమారు 90 గ్రెయిన్ల (తూటాల లెక్కల్లో వాడే చిన్న తూకపు కొలత) నీరు పడుతుంది. దాని గరిష్ఠ పీడనం 64,000 పీఎస్ఐ, పెద్దాయన వాడిన 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్‌కు 61,000. కారు టైరులో ఉండే గాలి 32 పీఎస్ఐ అనుకుంటే దానికి రెండు వేల రెట్లు అన్నమాట, మన చెంపకు జానెడు దూరంలో. పాతకాలపు తక్కువ పీడనం తూటాలలో తప్పుకు కాస్త క్షమాపణ ఉండేది. ఇక్కడ లేదు.

తూకం తగ్గిస్తే క్షేమం అనేదీ అన్నివేళలా నిజం కాదు. గరిష్ఠానికి సుమారు 10 శాతం కింద మొదలుపెట్టడం మంచి అలవాటే. అంతకన్నా కిందికి, మాన్యువల్ ఇచ్చిన ప్రారంభ తూకానికీ తక్కువగా, నిదానపు మందును పెద్ద కేసులో పోస్తే అది సరిగ్గా అంటుకోదు. బుల్లెట్ కాస్త కదిలి బ్యారెల్ లోపలి మెలిక గాడుల దగ్గర ఆగిపోవచ్చు, వెనుక మందు అప్పుడు పూర్తిగా రాజుకోవచ్చు. తక్కువ తూకంతో బద్దలైన రైఫిళ్లు ఉన్నాయి. రైఫిల్ వెనక్కి తన్నే దెబ్బ తక్కువగా తగలాలంటే చిన్న తూటా రైఫిల్ కొనుక్కోండి.

బుల్లెట్ సంగతి

ఇక్కడ ‘దాదాపు అదే’ బరువు రూపంలో వస్తుంది. 180 గ్రెయిన్ల బుల్లెట్ పెట్టెలు రెండు తీసుకోండి. ఒకదానిలో సీసం గుండెకు రాగి తొడుగు. రెండోది మొత్తం రాగి. సీసం సాంద్రత 11.3, రాగిది 9కి కాస్త తక్కువ. బరువు సమానం కావాలంటే రాగి బుల్లెట్ పొడవుగా ఉండక తప్పదు. రెండింటినీ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి చూడండి, తేడా కంటికే కనిపిస్తుంది. ఆ అదనపు పొడవు కేసు లోపలికి దిగి మందు చోటును తింటుంది. పైగా సీసంలా రాగి మెత్తగా లొంగదు, గాడుల్లో దూరేటప్పుడు ఎదురు తిరుగుతుంది. అందుకే వాటికి సొంత పట్టిక ఉంటుంది. సీసం బుల్లెట్ పట్టికతో రాగి బుల్లెట్ లోడ్ చేయకండి.

బుల్లెట్‌ను కూర్చోబెట్టే లోతు కూడా పీడనమే. గాడులకు ఆనించి కూర్చోబెడితే దానికి పరుగు అందుకునే జాగా ఉండదు, పీడనం పెరుగుతుంది. కొత్త బుల్లెట్ ముక్కు ఆకారం వేరైతే, మొత్తం పొడవు పాతదే ఉంచినా గాడులను తాకవచ్చు. మొన దగ్గర కాదు, బుల్లెట్ ముక్కు వంపు మొదలయ్యే చోట కొలవండి.

వేటకైతే ఇంకో మాట. మాగ్నమ్ వేగంతో దగ్గరి నుంచి కొడితే పలుచని తొడుగు ఉన్న బుల్లెట్ జంతువు భుజం ఎముక మీదే చిట్లిపోయి లోపలికి దిగదు. జంతువు గాయంతో పారిపోతుంది. సీసం, తొడుగు అతికించినవి లేదా పూర్తి రాగివి వాడండి. బ్యారెల్ గాడుల మెలిక (బుల్లెట్‌ను గిర్రున తిప్పి పంపేది) ఆ పొడవైన బుల్లెట్‌ను నిలబెట్టగలదా అన్నది కూడా చూసుకోండి.

కేసులు, ప్రైమర్లు

బెల్టు (అడుగున ఉబ్బెత్తు పట్టీ) ఉన్న కేసులు బెల్టుకు కాస్త పైన సాగి తెగుతాయి. అక్కడ మెరిసే గీత కనబడితే ఆ కేసు పని అయిపోయింది. గీత కనబడకపోయినా పేపరు క్లిప్పును చాపి, కొన వంచి, కేసు లోపల గోడ వెంట పైకి లాగి చూడండి. గుంట తగిలితే చెత్తబుట్టే. ప్రతిసారీ కేసును కొలతకు తెచ్చేటప్పుడు దాని భుజాన్ని (మెడ కింద సన్నబడే చోటును) అతిగా వెనక్కి నెట్టకపోతే కేసులు ఎక్కువ కాలం మన్నుతాయి. ప్రైమర్ తయారీ మారినా, మామూలు దాని బదులు మాగ్నమ్ ప్రైమర్ వేసినా, మళ్లీ కింది నుంచి మొదలుపెట్టాలి. ప్రైమరే కదా అనకండి, అదీ ‘దాదాపు అదే’ కిందే లెక్క.

ఇక వరసగా, నాకు గుర్తొచ్చినట్టు:

బల్ల మీద ఒకే మందు డబ్బా. రెండోది అలమారలో, తలుపు వేసి.

డబ్బా మీది పూర్తి పేరు, కంపెనీ పేరుతో సహా, బయటికి చదవండి. నోటుపుస్తకంలో అదే రాయండి. ‘4831’ అని రాసుకున్న పేజీ ఉంటే ఈరోజే సరిచేయండి.

పని కాగానే కొలపాత్రలో మిగిలిన మందు వెంటనే అదే డబ్బాలోకి. రాత్రంతా వదిలేసి, పొద్దున ‘ఇది ఏ మందు’ అనే ప్రశ్న వస్తే దానికి జవాబు లేదు. పారబోయండి.

పేరు లేని డబ్బాలోని మందు ఎంత ఖరీదైనదైనా పారబోయండి.

రెండు మందులు కలపకండి. అడుగున మిగిలిన కాస్తే అయినా సరే.

ఫ్యాక్టరీ తూటా విప్పి అందులోని మందును వాడకండి. అది చిల్లరగా అమ్మే ఏ మందూ కాకపోవచ్చు.

మూత తీసిన డబ్బాను పొడి గాలిలో వదలకండి. తేమ పోయిన మందు వేగంగా కాలుతుంది.

ఘాటైన పుల్లటి వాసన, ఎర్రటి దుమ్ము కనిపిస్తే ఆ డబ్బా అయిపోయింది.

త్రాసును తూకపురాళ్లతో మొదట ఒకసారి, మధ్యలో ఒకసారి పరీక్షించండి. ఫ్యాను ఆపండి. ఫోను దూరంగా పెట్టండి.

మందు పోసిన కేసులన్నింటినీ వరసగా నిలబెట్టి, దీపం వేసి, లోపలికి చూడండి. అన్నింటిలో మట్టం ఒకేలా ఉండాలి. తరువాతే బుల్లెట్.

ఎండలో కారులో వదిలిన తూటాలతో గరిష్ఠ తూకం కాల్చకండి. చలి రోజున సరిపోయిన లోడ్ వేడికి దాటిపోవచ్చు.

అతి పీడనానికి గుర్తయిన చదునైన ప్రైమర్ కనబడే వరకు తూకం పెంచుకుంటూ పోవడం పద్ధతి కాదు. గుర్తులు కనబడే సరికి ఆలస్యమై ఉంటుంది. మీ బ్యారెల్ పొడవుకు మాన్యువల్ చెప్పిన వేగం దాటిందని వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ చూపితే, పీడనం కూడా దాటినట్టే. వేగం ఊరికే రాదు.

బోల్టు బిగుతుగా లేచిందా? ఆ పెట్టెలో మిగిలిన తూటాలు కాల్చకండి. ‘ఇంకొకటి చూద్దాం’ వద్దు. ఇంటికి తీసుకెళ్లి విప్పండి.

శబ్దం బలహీనంగా వచ్చిందా? ఆగండి. బోల్టు తీసి బ్యారెల్ లోపలికి వెలుతురు పెట్టి చూడండి. బుల్లెట్ అక్కడే ఇరుక్కుని ఉండవచ్చు.

మిత్రుడి రైఫిల్‌లో బాగా నడిచిన లోడ్ మీ రైఫిల్‌ది కాదు. ఆయన రైఫిల్‌లో తూటా కూర్చునే గది, అంటే చాంబర్, వేరు.

మందు దొరకలేదా? ఆ మందు తూకంతో వేరే మందు పోయకండి. దొరికిన మందుకు పట్టిక తెరిచి, ప్రారంభ తూకం నుంచి మొదలుపెట్టండి. ఆ మందుకు, ఆ బుల్లెట్‌కు పట్టిక లేకపోతే ఈ సీజనుకు ఫ్యాక్టరీ తూటాలు కొనండి.

పెద్దాయన రైఫిల్ ఇప్పుడు గన్‌స్మిత్ దగ్గర ఉంది. ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన కేసును బయటికి లాగే కొక్కెం) విరిగింది, బోల్టును బిగించి పట్టే లగ్గులకు పగుళ్లు ఉన్నాయేమో పరీక్షించాలన్నారు. ఆయన ఇంట్లో అదే లోడ్‌తో తయారైన తూటాలు ఇంకా 37 ఉన్నాయి. నిన్న సాయంత్రం ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే విప్పాం.